పెళ్ళివారి బల్లకట్టు వెనక్కి తిరిగింది

వర్లీన్ టాకెట్ చేతిసంచిలో ఏముంటాయో కెంటకీ రాష్ట్రంలోని మా మార్లో ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక దువ్వెన, పుదీనా బిళ్ళల డబ్బా, రెండు కళ్ళజోళ్ళు, వాటి అడుగున చనిపోయిన భర్త రోస్కో వదిలివెళ్ళిన చిన్న రివాల్వర్. ఆయన పోయాక, ఒంటరిగా ఉండే ఆడమనిషి కదా అని తమ్ముడు డోయల్ దాన్ని తుడిచి, నూనె రాసి అక్క చేతిలో పెట్టాడు. ఎలా పేల్చాలో నేర్పాడు. దాంతో ఎక్కడికి వెళ్ళొచ్చో, ఎక్కడికి వెళ్ళకూడదో మాత్రం చెప్పలేదు. అతనికి తెలిస్తేగా!

నేను వర్లీన్ సెలూన్లో రెండో కుర్చీ దగ్గర జుట్టు కత్తిరించేదాన్ని. మా దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో సగం మంది సంచుల్లో పిస్తోళ్ళు ఉండేవి. తలకు రంగు పెట్టించుకుంటూ, టమాటా నారు గురించి మాట్లాడుకున్నంత మామూలుగా వాటి గురించి మాట్లాడుకునేవాళ్ళు. చట్టం ప్రసక్తి వస్తే మాత్రం తలకో మాట. చర్చికి తీసుకెళ్ళొచ్చని ఒకరు, ఆదివారం కుదరదని ఇంకొకరు, మా బావ పోలీసు గనక మా ఇంటిల్లిపాదికీ పర్లేదని మరొకరు.

రోస్కో ట్రక్కును తన పేరుకు మార్పించుకోవడానికి వర్లీన్ ఒకరోజు, బండ్ల కాగితాలు కూడా చూసే మా కౌంటీ (జిల్లా) కోర్టు భవనానికి వెళ్ళింది. గుమ్మం దగ్గర సంచులు చూసే పోలీసు డిప్యూటీ రస్టీ. అతను పసివాడిగా ఉన్నప్పుడు మొదటిసారి జుట్టు కత్తిరించింది వర్లీనే. అతను సంచిలో చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"మిస్ వర్లీన్, ఇదేంటి?"

"అది రోస్కోది నాయనా."

"ఎవరిదని కాదమ్మా నేనడిగేది. కోర్టులోకి తుపాకీ తేకూడదు. అసలు మీకు లైసెన్సు ఉందా?"

"ఎందుకు లేదూ? అదిగో, కళ్ళజోడు కింద ఉంది చూడు. కారు నడపడం మొదలెట్టినప్పట్నించీ ఉంది."

వెనక వరసలో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. రస్టీ నవ్వలేదు. ఆవిణ్ణి నెమ్మదిగా బయటికి, ట్రక్కు దాకా నడిపించుకెళ్ళాడు.

"చూడండమ్మా. బండిలో ఈ ముందరి అరలో పెట్టుకుంటే తప్పు లేదు. సంచిలోనో, కోటు కిందో, ఎవరికీ కనబడకుండా వెంట పెట్టుకు తిరగాలంటేనే లైసెన్సు కావాలి. అది ఉన్నా కోర్టులోకి రావడానికి లేదు. ఈసారికి వదిలేస్తున్నా. మళ్ళీ ఇలా వస్తే బేడీలు వేస్తాను, మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వకపోయినా సరే."

వర్లీన్ సెలూన్‌కి తిరిగొచ్చి నా కుర్చీలో కూలబడింది. చెవుల దాకా ఎర్రబడింది మొహం.

"జోనెల్, ఇంత వయసొచ్చి, నా సంచిలో ఉన్నదాని సంగతి నాకే తెలియకపోతే ఎట్లాగే?"

ఆ సిగ్గే ఆవిణ్ణి చదువులో పడేసింది. ముందు లైసెన్సు క్లాసుకి వెళ్ళింది. అగ్నిమాపక కేంద్రం వెనక హాల్లో ఒక పెద్దాయన చెప్పేవాడు. ఆయన తల ఎత్తకుండా చదువుకుంటూ పోతే, వినేవాళ్ళు తల దించుకుని నిద్రపోయేవారు. వర్లీన్ ఒక్కతే చెయ్యెత్తి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేది. రెండేళ్ళ తరువాత ఆయన ఫ్లోరిడాకి మకాం మారుస్తూ, "ఇక నువ్వే చెప్పుకో తల్లీ, ఎలాగూ సగం నువ్వే చెబుతున్నావు" అన్నాడు. ఆవిడ అందుకు కావలసిన శిక్షణ పూర్తి చేసుకుని ఆ హాలు అందుకుంది.

వర్లీన్ క్లాసు నాటకంలా ఉండేది. కుర్చీలు అటూ ఇటూ జరిపి, ఇది బడి, ఇది బ్యాంకు, ఇది హోటలు అని మమ్మల్ని తిప్పేది. మధ్యలో పెకన్ పప్పులు, బెల్లంపాకం పోసి కాల్చిన ‘పై’ అనే మిఠాయి ముక్కలు తలా ఒకటి. మొదటి వరసలో ఎప్పుడూ ఆవిడ పిన్ని డెల్ఫియా ఉండేది. ఎనభై దాటిన మనిషి. లైసెన్సు ఏనాడో వచ్చినా పై కోసం ప్రతి క్లాసుకీ వచ్చేది.

"పిన్నీ, నువ్వు హోటల్లోకి వచ్చావు. ఇటు భోజనాల బల్లలు, అటు బారు. పిస్తోలు సంచిలో ఉంది. ఎక్కడ కూర్చుంటావు?"

"బిల్లు ఎవరు కడతారో వాళ్ళ పక్కన."

"అబ్బా! బారు వైపు వెళ్ళకూడదు పిన్నీ. సరే, బడికి మునిమనవణ్ణి తీసుకురావడానికి వెళ్ళావు. అప్పుడో?"

"కారు దిగను. వాడికి కాళ్ళున్నాయిగా, వాడే వస్తాడు."

"అదీ మాట! బండిలోనే ఉంచితే తప్పు లేదు, చేత్తో పట్టుకు దిగితే తప్పు."

అందరూ నవ్వేవాళ్ళు, ఆ నవ్వుతోపాటు విషయం కూడా గుర్తుండిపోయేది. తుపాకీ అంటే పడనివాళ్ళు కూడా ఆ క్లాసుకి వచ్చేవారు. మా పాస్టరుగారు అలాంటివారే. తుపాకీ తేవద్దని చర్చి గుమ్మానికి ఏ బోర్డు పెట్టాలో తెలుసుకోవడానికి వచ్చి, చివరిదాకా కూర్చుని, రెండో ముక్క పై అడిగి మరీ తీసుకున్నారు.

తరువాత మా కెంటకీలో చట్టం మారింది. ఇరవయ్యొకటి దాటిన, అర్హత ఉన్న మనిషి ఎవరైనా లైసెన్సు లేకుండానే బట్టల చాటున తుపాకీ పెట్టుకు తిరగొచ్చన్నారు. ఆ ఏడు హాలు బోసిపోయింది. డోయల్ అక్కని ఆటపట్టించాడు.

"ఇక కొట్టు కట్టెయ్యక్కా. నీ సరుకు గవర్నమెంటే ఉచితంగా పంచేసింది."

"లైసెన్సు అక్కర్లేదన్నారు గానీ తెలివి అక్కర్లేదన్నారట్రా? కోర్టులోకి ఇప్పుడైనా వెళ్ళగలవా? పోనీ పక్క రాష్ట్రంలోకి?"

"పక్క రాష్ట్రంలో నాకేం పని?"

ఆ పక్క రాష్ట్రంలో వర్లీన్‌కే పని పడింది.

మా ఊరి ముందు ఒహాయో నది. ఆవలి ఒడ్డు ఇల్లినాయ్ రాష్ట్రం. అక్కడ వంతెన లేదు. బండ్లూ మనుషులూ బల్లకట్టు మీదే దాటాలి. ఆ ఒడ్డున ఆర్లిస్ ప్రూయిట్ అని ఒకాయన చేపల హోటలు నడిపేవాడు. భార్య పోయి చాలాకాలమైంది. మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన క్యాట్‌ఫిష్, పక్కన వేయించిన పిండి ఉండలు, క్యాబేజీ పచ్చడి. శుక్రవారం వచ్చిందంటే మా ఊరు సగం అక్కడే ఉండేది.

ఒక శుక్రవారం వర్లీన్, నేను వెళ్ళాం. బల్లకట్టు ఎక్కేముందే ఆవిడ రివాల్వర్‌ని పెట్టెలో పెట్టి, తాళం వేసి, బండిలోనే ఉంచేసింది. హోటలు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. తలుపు మీద పెద్ద చేప బొమ్మతో శుక్రవారం విందు పోస్టరు అంటించి ఉంది. దాని అంచు కింద నుంచి, ఎర్రగీత కొట్టిన పిస్తోలు బొమ్మ కొసమాత్రం కనబడుతోంది. లోపలికి వెళ్ళి కూర్చోకుండా తిన్నగా యజమాని దగ్గరికి వెళ్ళింది.

"ఏమండీ, మీ తుపాకీ బోర్డు చేప కింద పడిపోయింది."

ఆర్లిస్ పెనం మీంచి తల తిప్పాడు. "ఏంటమ్మా?"

"లోపలికి తుపాకీ తేకూడదని మీ రాష్ట్రంలో బోర్డు పెట్టుకుంటే అది గుమ్మం దగ్గర అందరికీ కనబడాలి. మీది చేప బొమ్మ కింద దాక్కుంది. వచ్చేవాడికి ఎలా తెలుస్తుంది?"

"తమరు తినడానికొచ్చారా, తనిఖీకొచ్చారా?"

"తినడానికే. కానీ తిండి చల్లారినా పర్లేదు, ముందు అది సరిచెయ్యండి."

ఆర్లిస్ పెనం కింద మంట తగ్గించాడు. చేతులు తుడుచుకుని వెళ్ళి, పోస్టరు ఊడదీసి పక్కన అంటించి, "ఇప్పుడు బాగుందా?" అన్నాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసి, "కొంచెం ఎడమవైపుకి" అంది. ఆ పూట మా బల్ల మీదికి అడగని చేప ముక్కలు చాలా వచ్చాయి. ఆ తరువాతి శుక్రవారం "బోర్డు చూసిపోవడానికి" అంటూ వర్లీన్ ఒక్కతే వెళ్ళింది. ఆపై శుక్రవారం కొత్త గౌను వేసుకుంది. ఆ రోజు నేను ఆవిడ జుట్టు మరింత శ్రద్ధగా దువ్వి వేశాను.

వసంతంలో పెళ్ళి ఖాయమైంది. ఆర్లిస్ హోటలు పెరట్లో, నది కనబడేట్టు, బల్లలు వేసి చెయ్యాలని. వర్లీన్‌కి నాన్న లేడు గనక చెయ్యి పట్టుకుని నడిపించి పెళ్ళికొడుక్కి అప్పగించాల్సింది డోయల్. అక్కడే చిక్కొచ్చింది.

"మనవాళ్ళందరూ తుపాకులు ఇంట్లో వదిలి రావాలి" అని వర్లీన్ చెప్పగానే డోయల్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"నేను వదలను. ఎన్నో ఏళ్ళుగా నా నడుముకి ఉంది. అది లేకపోతే నాకు ప్యాంటు కూడా నిలవదు."

"బెల్టు బిగించుకో."

"నా దగ్గర కెంటకీ లైసెన్సుందక్కా! నువ్వే ఇప్పించావు!"

"ఇప్పించాను. చాలా రాష్ట్రాల్లో చెల్లుతుందని కూడా చెప్పాను. ఇల్లినాయ్‌లో చెల్లదని కూడా చెప్పాను. అప్పుడు నువ్వు పై తింటున్నావు. అవతలి గట్టు ఎక్కితే నీ జేబులో ఉన్నది లైసెన్సు కాదు, అట్టముక్క."

"అదేం న్యాయం? అదే దేశం, అదే జెండా!"

"మీ అత్తగారింట్లో బురద బూట్లు గుమ్మంలో విప్పమంటే విప్పేవాడివి కాదూ? నచ్చే విప్పావా?"

"అత్తగారి మీద భయంతో విప్పాను."

"అయితే నా మీద ప్రేమతో విప్పు."

డోయల్ లేచి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. వర్లీన్ ఆ ధ్యాసలో ఒకరి తలకి పెట్టాల్సిన గోధుమరంగు ఇంకొకరి తలకి పెట్టేసింది. తమ్ముడు లేని పెళ్ళి ఆవిడ మనసుకు పట్టడం లేదు. అలాగని అతని కోసం చట్టాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యడమూ ఆవిడ వల్ల కాదు.

అయిదో రోజున డోయల్ జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి, కావాలని నా కుర్చీలో కూర్చున్నాడు. వర్లీన్ అతని వైపు చూడకుండా, నాతో చెబుతున్నట్టుగా మొదలెట్టింది.

"మనవైపు నుంచి వచ్చేవాళ్ళవన్నీ ఎక్కడో ఒకచోట భద్రంగా దాచాలి జోనెల్. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు మళ్ళీ ఇళ్ళకి వెళ్ళి పెట్టి రాలేరు. రస్టీని అడుగుదామనుకుంటున్నా, వాడి దగ్గర బీరువా ఉందట."

డోయల్ మెడ చుట్టూ గుడ్డతోనే ఇటు తిరిగాడు. నా కత్తెర త్రుటిలో అతని చెవి తప్పింది.

"రస్టీ బీరువానా? దానికి తాళమే సరిగ్గా పడదు! నా గరాజులో ఆవు పట్టేంత ఇనప్పెట్టె పెట్టుకుని, ఊరివాళ్ళ తుపాకులు రస్టీగాడి దగ్గర పెడతారా? నా పరువేం కావాలి?"

"నువ్వు రావడం లేదుగా పెళ్ళికి."

"ఎవరన్నారు రానని? పెట్టె తాళం నా దగ్గరుండాలి, అంతే. ముందు నాది లోపల పెడతా, తరవాత ఒక్కొక్కళ్ళవి. ఎవడైనా దాచుకుని పెళ్ళికి వెళ్ళే చర్చి బస్సెక్కాడో, చెప్తా వాడి సంగతి."

వర్లీన్ అటు తిరిగి దువ్వెనలు సర్దుకుంది. ఆవిడ భుజాలు నవ్వుతో కదలడం అద్దంలో నాకు కనబడింది.

పెళ్ళిరోజు ఉదయం డోయల్ తన గరాజు ముందు కుర్చీ వేసుకుని, నీలం సూటులో, పెద్ద అధికారిలా కూర్చున్నాడు. వచ్చినవాళ్ళని వచ్చినట్టే ఆపి, "నడుమా? చీలమండా? కోటా?" అని అడిగి, తూటాలు తీయించి, ఒక్కోదానికీ పేరు రాసిన పట్టీ కట్టి లోపల పెట్టించాడు. పాస్టరుగారిని కూడా ఆపాడు. "నా దగ్గర బైబిలుంది నాయనా" అన్నారాయన. "తెరిచి చూపించండి" అన్నాడు డోయల్.

అందరం చర్చి బస్సెక్కాం. బస్సు బల్లకట్టు ఎక్కింది. ఎండ పచ్చగా ఉంది, నది నిండుగా ఉంది. అవతలి ఒడ్డున ఆర్లిస్ మనుషులు బ్యాంజో, ఫిడేలు అప్పుడే అందుకున్నారు. నీళ్ళ మీదుగా ఆ పాట మా దాకా వస్తోంది. లేత గులాబీ రంగు గౌనులో వర్లీన్ ముందు సీట్లో కూర్చుంది. డెల్ఫియా పిన్ని చేతిరుమాలు కోసం సంచిలో చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయింది.

"వర్లీన్, ఓ చిన్నమాట. కోప్పడవుగా?"

"ఏంటి పిన్నీ?"

"నాది డోయల్‌కి ఇచ్చాను, చూశావుగా. కానీ ఇది చర్చికి తెచ్చుకునే సంచి. ఇందులోది మర్చిపోయాను."

"నీకు రెండున్నాయా?"

"మూడు. మూడోది మాత్రం నిజంగానే ఇంట్లో ఉంది."

బస్సంతా గొల్లుమంది. డోయల్ తల పట్టుకున్నాడు. "నదిలో పారెయ్ పిన్నీ!"

"ముందు నిన్ను పారేస్తా. అది మీ బాబాయి కొనిచ్చింది."

"బస్సులోనే వదిలి దిగుదాం" అన్నారెవరో. "బండిలో ఉంచుకోవచ్చని వర్లీనే చెప్పిందిగా?"

వర్లీన్ లేచి నిలబడింది. "మన సొంత బండిలో అయితే ఉంచుకోవచ్చు. ఇది చర్చి బస్సు. అప్పుడేం చెయ్యాలో నాకు నిజంగా తెలియదు. తెలియకుండా సంచి పట్టుకు వెళ్ళడం ఒకసారి అయింది, చాలు." కిటికీలోంచి నీళ్ళ వంక చూసింది. "ఇంకా ఏం మించిపోలేదు. ఈ నీళ్ళు ఇంచుమించు అవతలి ఒడ్డు దాకా కెంటకీవే. మనం ఇంకా మన రాష్ట్రంలోనే ఉన్నాం. వెనక్కి తిప్పమనండి."

నేను దిగి వెళ్ళి బల్లకట్టు నడిపే ఆయనకి చెప్పాను. ఆయన కారణం అడగలేదు. "పెళ్ళికూతురు వెనక్కి తిప్పమంటే తిప్పడమే. ఇదివరకు కూడా ఒకసారి తిప్పాను" అని చక్రం పట్టుకున్నాడు.

నది మధ్యలో మా బల్లకట్టు మెల్లగా మొహం తిప్పుకుంది. అవతలి ఒడ్డున పాట ఆగిపోయింది. మాకు అప్పుడు తట్టింది, అక్కడివాళ్ళకి ఇది ఎలా కనబడుతుందో. వర్లీన్ బస్సు దిగి, అంచుకు పరిగెత్తి, రెండు చేతులూ ఊపుతూ "డెల్ఫియా! డెల్ఫియా!" అని అరిచింది. ఇంజను హోరులో ఏం వినబడుతుంది? ఫోన్ చేస్తే, ఆర్లిస్ ఫోను హోటల్లో కేకు పక్కన మోగుతోందట.

ఆవలి ఒడ్డున నల్లసూటు వేసుకున్న మనిషి ఒకడు గట్టు మీంచి జారుతూ దిగి, చేపలు పట్టే రేకు పడవలోకి దూకడం మాకు కనబడింది. పడవ మోటారు రెండుసార్లు మొరాయించి, మూడోసారి అందుకుంది.

మేం మా ఒడ్డు చేరేసరికి అతనూ చేరాడు. పడవ పూర్తిగా ఆగకుండానే దిగి, మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయాడు. కోటుకి గుచ్చుకున్న పువ్వు ఎక్కడో పడిపోయింది.

"వర్లీన్! నేనేం చేశాను? ఏదైనా చెప్పు, సరిచేస్తా!"

"నువ్వేం చెయ్యలేదయ్యా! డెల్ఫియా పిన్ని చేసింది! సంచిలో పిస్తోలు మర్చిపోయింది!"

ఆర్లిస్ తల తిప్పి డెల్ఫియా వంక చూశాడు. తరువాత ఆ బురదలోనే చతికిలబడి, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వాడు.

"నీ మనసు మారిందనుకున్నా."

"నా మనసు మారితే నీ ఒడ్డుకొచ్చి నీ మొహం మీదే చెబుతాను. నది మధ్యలో పారిపోయే మనిషినా నేను?" అంటూ వర్లీన్ గౌను పైకెత్తి పట్టుకుని బురదలోకి దిగి, అతన్ని లేపింది.

డోయల్ పిస్తోలు తీసుకుని ఇనప్పెట్టె వైపు పరిగెత్తాడు. అతను తిరిగొచ్చేలోగా ఎవరో అన్నారు: "పెళ్ళికొడుకున్నాడు, పెళ్ళికూతురుంది, పాస్టరుగారున్నారు. ఇక్కడే కానిచ్చేస్తే పోలేదూ?"

ఆర్లిస్‌కి ఆ మాట నచ్చింది. వర్లీన్ తల అడ్డంగా ఊపింది.

"మన పెళ్ళి లైసెన్సు అవతలి కౌంటీలో తీసుకున్నాం. ఇక్కడ చెల్లదు."

"ఇది కూడానా!" అన్నాడు ఆర్లిస్. అందరం మళ్ళీ నవ్వాం. అందరికన్నా గట్టిగా, అప్పుడే పరిగెత్తుకొచ్చిన డోయల్ నవ్వాడు, రొప్పుతూ.

ఈసారి బల్లకట్టు మీద పెళ్ళికొడుకు కూడా ఉన్నాడు. అతని రేకు పడవని వెనక తాడుతో కట్టారు. వర్లీన్ చేతిరుమాలుతో అతని సూటు మీది బురద తుడవబోతే ఇంకా పెద్ద మరకైంది. అవతలి ఒడ్డున ఫిడేలు మళ్ళీ అందుకుంది. డోయల్ అక్క చెయ్యి పట్టుకుని పెరట్లో బల్లల మధ్య నుంచి నడిపించాడు. నడుస్తూ మాటిమాటికీ నడుము తడుముకున్నాడు, అలవాటు కొద్దీ. ప్యాంటు నిలిచింది. పాస్టరుగారు ప్రమాణాలు చేయించారు. ఆ తరువాత చేపలు, జామ్ కేకు, నాట్యం. డెల్ఫియా పిన్ని మా అందరికన్నా ఎక్కువసేపు ఆడింది. కొత్త కుర్రాడు ఎవరు కనబడినా, "ఇవాళ నన్ను చూసి భయపడక్కర్లేదు బాబూ" అంటూ లాక్కెళ్ళింది.

ఇప్పుడు వర్లీన్ ఆవలి ఒడ్డునే ఉంటుంది. రోజూ పొద్దున్న బల్లకట్టు మీద సెలూన్‌కి వస్తుంది, సాయంత్రం వెళ్ళిపోతుంది. ఆ రాష్ట్రపు మనిషైంది గనక అక్కడి తుపాకీ కార్డు తీసుకోవాలి, అక్కడి క్లాసుకి కూర్చోవాలి. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషి పెన్సిలు చెక్కుకుని మొదటి వరసలో కూర్చుంది. చెప్పేవాడు మనవడి వయసు కుర్రాడు. తొలిరోజు మధ్యాహ్నానికే చేతులు జోడించాడట: "మిస్ వర్లీన్, నన్ను కూడా కాస్త చెప్పనివ్వండి!"

ఆర్లిస్ కూడా పక్కనే కూర్చున్నాడు. తుపాకీ కోసం కాదు, భార్య అంత సంతోషంగా చెయ్యెత్తడం చూడాలని. క్లాసు అయ్యాక ఇద్దరూ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న చేప శాండ్‌విచ్‌లు విప్పుకున్నారు.

"ఆర్లిస్, ఇక్కడ అన్నీ వేరే! పార్కు వేరే, లైబ్రరీ వేరే, ఆటస్థలం వేరే! మొదటి నుంచీ నేర్చుకోవాలి!" అంది వర్లీన్ నోటి నిండా పెట్టుకుని.

"తిను ముందు" అన్నాడు ఆర్లిస్. "తింటూ లైబ్రరీ సంగతి చెప్పు."